పర్లేదు అన్న పాపానికి

ఓటిస్ లోపలికి వెళ్ళింది తొమ్మిదీ ఇరవైకి. బయటికి వచ్చింది తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి. గోడ గడియారం గిరిజకి ఎదురుగానే ఉంది కాబట్టి ఈ మాటలో అబద్ధం లేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. చిన్న చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ వెళ్ళాడు, అలాగే లాక్కుంటూ వచ్చాడు. కుర్చీ నుంచి తలుపు దాకా ఉన్న పన్నెండు అడుగులు నడవడానికి రెండుసార్లు ఆగాడు. వియత్నాం అడవుల మీద ఆకులు రాల్చే విషం చల్లించింది అమెరికా ప్రభుత్వం. ఆ విషం డ్రమ్ములు దొర్లించినవాడు ఓటిస్. యాభై ఏళ్ళు పోయాక అతని ఊపిరి చూడటానికి ఆ ప్రభుత్వానికి దొరికిన తీరిక తొమ్మిది నిమిషాలు.

"అప్పుడే అయిపోయిందా?" అంది గిరిజ.

"నేను కోటు విప్పేలోపే అయిపోయింది," అన్నాడు ఓటిస్. వాళ్ళిద్దరికీ పరిచయమై అప్పటికి అరగంటే. సైన్యంలో పనిచేసినవాళ్ళకి అరగంట చాలు.

అది న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో రూట్ 27 రోడ్డు మీద ఒక దుకాణాల వరస. ఒక పక్క కనుబొమ్మలు తీర్చే పార్లర్, ఇంకో పక్క స్వీట్ల కొట్టు, మధ్యలో ఈ పరీక్షల గది. యుద్ధంలో జబ్బుపడ్డవాళ్ళని ప్రభుత్వం తానే చూడదు. ఆ పని ఒక కంపెనీకి కాంట్రాక్టుకిచ్చింది. కంపెనీ రిటైరైన డాక్టర్లని తెచ్చి కూర్చోబెట్టింది. డాక్టరు 'ఉంది' అని రాస్తే జబ్బు ఉన్నట్టు, 'లేదు' అని రాస్తే లేనట్టు. రోగి మాటకి అక్కడ విలువ డాక్టరు దాన్ని ఎలా టైపు చేస్తే అంత.

గిరిజ వంతు వచ్చింది. ఒళ్ళో ఫైలు పట్టుకుని కూర్చుంది. డాక్టరు కళ్ళజోడు పైకి తోసి పేరు చదివి, ఒక్కసారిగా ముఖం విప్పార్చాడు.

"గిరిజ! మన తెలుగమ్మాయివేనా?"

"అవును సార్. జగిత్యాల."

"సార్ ఏంటమ్మా, అంకుల్ అను. నా పేరు పరంధామయ్య. డెబ్బై రెండులో వచ్చాను ఈ దేశం. ఈ లిస్టులో తెలుగు పేరు కనపడటం ఇదే మొదటిసారి. మనవాళ్ళు ఆర్మీలోకి కూడా పోతున్నారన్నమాట! ఎలా ఉన్నావు, బాగున్నావా?"

"బానే ఉన్న అంకుల్."

"ఆయాసం అదీ ఏమైనా వస్తోందా?"

"పర్లేదు అంకుల్."

"మెట్లవీ ఎక్కగలవా?"

"ఆగుకుంట ఆగుకుంట ఎక్కుత. పర్లేదు."

"జాబ్ చేస్తున్నావా?"

"చేస్తున్న అంకుల్. చెయ్యకుంటే ఎట్ల?"

ఆయన వేళ్ళు కీబోర్డు మీద టకటకలాడాయి. గొట్టంలో ఒకసారి ఊదించాడు. ఆ తర్వాత తన మోకాలి ఆపరేషన్ గురించి చెప్పాడు, గుడి కమిటీలో గొడవల గురించి చెప్పాడు. గిరిజ ఒళ్ళోని ఫైల్లో ఊపిరితిత్తుల డాక్టరు రాసిన ఉత్తరం ఉంది. ఈయన అడగలేదు. పెద్దాయన అడగనిదే ముందు పడి కాగితాలు పరవడం ఆమెకి చేతకాలేదు.

"ఓసారి ఇంటికి రా అమ్మా. మా సరోజ ఆంటీ పప్పుచారు బ్రహ్మాండంగా పెడుతుంది," అని తలుపు దాకా వచ్చి సాగనంపాడు పరంధామయ్య.

గిరిజ సంబరంగా బయటికి వచ్చింది. పార్కింగ్‌లో ఊపిరి కూడదీసుకుంటున్న ఓటిస్‌తో, "మా వాడే. మంచిగ రాస్తడు," అంది. కంచె చేనుని మేస్తుందని చిన్నప్పుడు ఎన్నిసార్లు విందో, అన్నిసార్లూ అది వేరేవాళ్ళ చేను గురించే అనుకుంది పిచ్చిది.

ఆరు వారాలకి ఉత్తరం వచ్చింది. దాన్ని ఆమె అపార్ట్‌మెంట్ మెట్లలో ఏడో మెట్టు మీద కూర్చుని చదివింది. రోజూ ఊపిరి అయిపోయి కూలబడే మెట్టు అదే.

'మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. జబ్బు ఉన్నట్టు ఆధారం లేదు. ఆయాసం లేదని, మెట్లు ఎక్కగలనని, ఉద్యోగం చేసుకుంటున్నానని వెటరన్ స్వయంగా తెలిపారు.'

స్వయంగా తెలిపారు! గిరిజకి ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు దగ్గు వల్ల వచ్చింది మాత్రమే కాదు.

పదిహేనేళ్ళ కింద ఆమె న్యూజెర్సీలో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన స్టూడెంటు. భాషలు తెలిసిన విదేశీ విద్యార్థులు సైన్యంలో చేరితే సిటిజన్‌షిప్ ఇస్తామని ఒక పథకం పెట్టారు. ఆ భాషల లిస్టులో తెలుగు కూడా ఉంది, గిరిజ చేరింది, అఫ్గానిస్తాన్ పంపారు. అఫ్గానిస్తాన్‌లో తెలుగుతో ఏం పనో ఆ లిస్టు రాసినవాడికే తెలియాలి. అక్కడికి పోయాక ఆమెని ఒక్క తెలుగు ముక్క అడిగినవాడు లేడు. ఒక చేతికి డీజిల్ డబ్బా, ఇంకో చేతికి ఇనుప పార ఇచ్చారు.

బేస్ వెనక బడి మైదానమంత గొయ్యి ఉండేది. టైర్లు, బ్యాటరీలు, రంగు డ్రమ్ములు, ప్లాస్టిక్ సీసాలు, ఆసుపత్రి నుంచి వచ్చే నెత్తుటి గుడ్డలు, అన్నీ అందులోకే. పైన డీజిల్ పోసి అంటించడం గిరిజ పని. పదకొండు నెలలు ఆ మంట ఆరలేదు. గాలి మళ్ళితే పొగంతా సిపాయిల గుడారాల్లోకి పోయేది. ఆఫీసర్ల గదులకి మూసిన కిటికీలు, ఏసీలు ఉండేవి. కఫం నల్లగా పడుతోందని చెబితే సార్జెంటు, "ఆర్ యూ ఓకే, సోల్జర్?" అని అరిచేవాడు. ఆ ప్రశ్నకి సైన్యంలో ఒక్కటే జవాబు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఇంట్లో అమ్మ నేర్పింది, నొప్పి చెప్పేవాడు పిరికివాడని అక్కడ సార్జెంటు నేర్పాడు. రెండు బళ్ళలోనూ గిరిజ ఫస్టున పాసైంది.

ఇప్పుడామె ఎడిసన్‌లో ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతుంది. అక్కడి దుమ్ము కంటికి కనపడేంత. ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలు మచ్చలు కట్టి మూసుకుపోతున్నాయని, ఊదే పరీక్షలో ఇది దొరకదని, దుమ్ములో ఇలాగే పనిచేస్తే రెండేళ్ళలో సిలిండర్ తప్పదని ఊపిరితిత్తుల డాక్టరు రాసిచ్చింది. పని మానేస్తే ఇన్సూరెన్స్ పోతుంది, మందులు పోతాయి. ఈ జబ్బు యుద్ధంలో వచ్చిందని ప్రభుత్వం ఒప్పుకుంటే వైద్యం దొరుకుతుంది, పింఛను దొరుకుతుంది, దుమ్ములోంచి బయటపడొచ్చు. ఆమె అడిగింది అంతే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఎయిర్‌పోర్టుల్లో 'థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్' అని చేతులు ఊపుతారే, ఆ చేతులే ఈ ఉత్తరం రాసి సంతకం పెట్టాయి.

గిరిజ ఓటిస్‌కి ఫోన్ చేసింది. "నాకూ వచ్చింది," అన్నాడతను. "ఆదివారం మధ్యాహ్నం మా చర్చి కింది హాల్‌కి రా. నువ్వొక్కదానివే అనుకోకు."

పెర్త్ ఆంబోయ్‌లో ఆ హాలు నిండా జనం. నలభై రెండు మంది. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, పోర్టోరికో వాళ్ళు. వియత్నాం మందు పీల్చినవాళ్ళు, ఇరాక్ గోతుల పొగ పీల్చినవాళ్ళు. దగ్గుల మధ్య మాటలు సాగుతున్నాయి. మీటింగు నడుపుతున్నది మరిసోల్. ఇరాక్‌లో లారీలు తోలిన మనిషి, ఇప్పుడు స్కూల్ బస్సు తోలుతుంది, గొంతు ఇప్పటికీ లారీ హారనే.

"ఉత్తరాలు తెచ్చారు కదా. ఒక్కొక్కరే లేచి కారణం ఒక్కటే చదవండి," అంది మరిసోల్.

చదివారు. మొదటివాడు చదివాడు, 'ఆయాసం లేదని వెటరన్ స్వయంగా తెలిపారు.' రెండోవాడు చదివాడు, 'ఆయాసం లేదని వెటరన్ స్వయంగా తెలిపారు.' నాలుగో ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి హాలంతా ఆ వాక్యాన్ని గుంపుగా అందుకుంటోంది. చివరికి ఓటిస్ లేచాడు. ముక్కులోకి గొట్టాలు, పక్కన సిలిండర్. అతనూ అదే చదివాడు. ఎవరూ నవ్వలేదు.

"నువ్వేమన్నావ్ నిజంగా?" అని అడిగింది మరిసోల్.

"ఎలా ఉన్నావంటే, కంప్లైంట్ చేసేదేముంది డాక్, అన్నాను. మా నాన్న అలాగే అనేవాడు."

"నేను, ఐ యామ్ గుడ్, అన్నాను," అంది మరిసోల్. వెనక బెంచీ నుంచి డేల్ అనే మాజీ సార్జెంటు, "ఇంకా పాతిపెట్టలేదుగా, అన్నా నేను. ఉల్లాసంగా ఉన్నాడని రాశారు," అన్నాడు.

"మరి నువ్వు, సిస్టర్?"

గిరిజ లేచింది. "మా భాషలో అడిగిండు. మా భాషలోనే చెప్పిన. పర్లేదు అన్న."

"అంటే?"

బాగున్నానని కాదు, బాగాలేనని కాదు. జ్వరంతో పడుకున్నా అంటారు, కాలు విరిగినా అంటారు. "మన బాధ ఎదుటోళ్ళకు బరువు కావద్దని అంటం. పర్వా లేదు. అంటే... పట్టించుకోకున్నా నడుస్తది అని."

"అయితే ఆ డాక్టరు సరిగ్గానే రాశాడు," అన్నాడు ఓటిస్. "పట్టించుకోవక్కర్లేదన్నావు. వాళ్ళు పట్టించుకోలేదు."

గిరిజకి చెంప మీద కొట్టినట్టయింది. భాష కోసం సైన్యంలోకి తీసుకున్నారు, పదకొండు నెలలు ఆ భాషలో ఒక్క మాట అడగలేదు. తీరా అడిగిన నాడు ఒక్క మాట పట్టుకుని, దాంతోనే ఉరి బిగించారు. ఆమెకి కోపం వచ్చింది, ఆ కోపంలో మొదటి వాటా ఆమె నాలుకకే.

డేల్ లేచి, "సరే, తప్పు జరిగింది. పద్ధతిగా పోదాం. లాయర్లని పెట్టుకుందాం, ఎవరి ఫైలు వాళ్ళు నడుపుకుందాం. గొడవ చేస్తే ఉన్నదీ పోతుంది," అన్నాడు.

"ఎవరి ఫైలు వాళ్ళదనే కదా మనల్ని ఒక్కొక్కల్ని లోపటికి పిల్చింది!" గిరిజ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఒక్కదాన్నే కూసోబెట్టి, తలుపేసి, అంకుల్ అనిపించుకోని నా నోట్లకెళ్ళి తీస్కున్నరు. నలభై ఇద్దరం ఒక్కసారి పోదాం. తలుపు తెరిచే ఉండాలె. ఎవరి రోగం వాళ్ళు అందరి ముంగట చెప్పాలె. చెప్పింది చెప్పినట్టు రాసేదాక కదలొద్దు. అడగందే అమ్మయినా పెట్టదంటరు మా దిక్కు, వీళ్ళు మనకు అమ్మలు కూడ కాదు."

"అరెస్టు చేస్తారు," అన్నాడు డేల్.

"చెయ్యనీ," అంది మరిసోల్. "జైల్లో కనీసం నర్సు ఉంటుంది."

నవ్వులు, దగ్గులు కలిసిపోయాయి. ఓటిస్ చెయ్యెత్తాడు. "ఆ మాటకి ఎదురుమాట ఏంటి సిస్టర్? మీ భాషలో?"

"పర్వా ఉంది," అంది గిరిజ. "కానీ అట్ల ఎవ్వరూ అనరు."

"మనం అందాం."

వార్త ఎలా పొక్కిందో, శుక్రవారానికల్లా రాజారావు ఫోన్ చేశాడు. తెలుగు సంఘంలో పెద్దమనిషి, ఓక్ ట్రీ రోడ్డు మీద నగల దుకాణం. "చూడమ్మా, పరంధామయ్య గారికి వచ్చే నెల సన్మానం పెట్టుకున్నాం. ఆయన ముందు ధర్నాలేంటి? మన కమ్యూనిటీ పరువేం కాను?"

"నా ఊపిరి ఏం కానని అడగరేంది అంకుల్?" అంది గిరిజ. అవతల ఫోన్ పెట్టేశారు.

సోమవారం పొద్దున తొమ్మిదికి నలభై రెండు మందీ రూట్ 27 మీది ఆ గదిలోకి నడిచారు. కుర్చీలు పదే. మిగతావాళ్ళు గోడలకి ఆనుకున్నారు, పార్కింగ్‌లో బారులు తీరారు. ఓటిస్ తిన్నగా పోయి పరీక్ష గది తలుపుకి అడ్డంగా సిలిండర్ నిలబెట్టి పక్కన కూర్చున్నాడు. ఇక ఆ తలుపు మూసుకోదు.

కౌంటర్ వెనక మేనేజరు లేచాడు. "అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళే ఉండాలి!"

"ఉంది," అంది మరిసోల్. "రెండువేల ఐదులో ఇరాక్‌లో తీసుకున్నాను." ఆ వెంటనే గొంతెత్తింది. "నా పేరు మరిసోల్. రాత్రి కూర్చునే నిద్రపోతాను. పడుకుంటే ఊపిరాడదు. రాసుకో!"

"పర్వా ఉంది!" అన్నాడు ఓటిస్. అతని నోట్లో అది 'పార్వా ఉండీ' అయింది. అయినా నలభై గొంతులు అందుకున్నాయి. పక్కన స్వీట్ల కొట్టులోంచి చేతుల పిండి తుడుచుకుంటూ పనివాళ్ళు బయటికి వచ్చారు. న్యూజెర్సీ నడిబొడ్డున ఇంతమంది పరాయివాళ్ళు తమ భాషలో ఎందుకు అరుస్తున్నారో వాళ్ళకి అర్థం కాలేదు.

ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నెత్తురు దగ్గుతున్నవాడు చెప్పాడు. మనవణ్ణి ఎత్తుకోలేని మనిషి చెప్పి ఏడ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఎవరికీ చెప్పని మాటలు, చెప్పకపోవడమే మగతనమనుకున్న మాటలు, కనుబొమ్మల పార్లర్ గోడ అదిరేలా బయటికి వచ్చాయి.

పరంధామయ్య గది లోపలినుంచి చెయ్యి ఊపి గిరిజని పిలిచాడు. ఆమె సిలిండర్ దాటుకుని లోపలికి వెళ్ళింది.

"ఏంటమ్మా ఇదంతా," అన్నాడు చిన్న గొంతుతో, తెలుగులో. "నేను నువ్వు చెప్పిందే రాశాను. అబద్ధం రాశానా?"

"నేను మీకు జవాబు చెప్పలే అంకుల్. మర్యాద చెప్పిన. మీరు తెలుగోళ్ళు, మీకు తెల్వదా? మీ ఇంట్ల సరోజ ఆంటీ పర్లేదంటే మీరు మందు ఇయ్యకుంటనే ఉంటరా?"

ఆయన ముఖం కందింది. "పదిహేను నిమిషాలు దాటితే కంపెనీ వాళ్ళు ఊరుకోరమ్మా. ఫారంలో ఆ వాక్యం ముందే ఉంటుంది, నేను టిక్ పెట్టాలంతే. సరే, అయిందేదో అయింది. నీ ఫైలు ఇలా ఇవ్వు. ఇప్పుడే దిద్ది పంపిస్తాను. జబ్బుంది, యుద్ధంలోనే వచ్చింది అని రాస్తా. నీ ఒక్కదానికే. వీళ్ళని పంపించెయ్."

గిరిజ చేతిలో ఫైలుంది. ఇస్తే చాలు. గోడౌన్ ఉండదు, దుమ్ము ఉండదు, ఏడో మెట్టు మీద కూలబడే ఖర్మ ఉండదు. ఇవ్వాలనిపించలేదంటే అబద్ధం. ఆమె చెయ్యి నిజంగానే కొంచెం ముందుకు సాగింది. తలుపు దగ్గర ఓటిస్ సిలిండర్ సుయ్యిమంటోంది. అతను ఆమె వైపు చూడటం లేదు. తెలుగు రాదు కాబట్టి ఏం బేరం జరుగుతోందో అతనికి తెలియదు. ఆమె ఫైలిచ్చి బయటికి పోయినా అతనికి ఎప్పటికీ తెలియదు. ఆ సంగతే గిరిజకి గుచ్చుకుంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. గట్టిగా, అందరికీ వినపడేలా ఇంగ్లీషులో చెప్పింది. "డాక్టరు నా ఒక్కదాని రిపోర్టు మారుస్తానంటున్నాడు. మీ అందర్నీ పంపించేస్తే!"

బయట గది దద్దరిల్లింది.

"నలభై ఇద్దరికీ రాయండి అంకుల్," అంది గిరిజ తెలుగులో. "లేకుంటే నాది రాయకండి."

పరంధామయ్య కోటు తీసుకుని వెనక తలుపు నుంచి కారెక్కి వెళ్ళిపోయాడు. పోలీసులు ముందు తలుపు నుంచి వచ్చారు.

కదలమన్నారు, ఎవరూ కదల్లేదు. పార్కింగ్‌లో ఉన్నవాళ్ళని తరిమారు, గదిలో కూర్చున్న పదకొండు మందిని పట్టుకున్నారు. ఓటిస్ చేతులు చాచి, "సిలిండర్‌కి కూడా వేస్తారా బేడీలు? అది కూడా నాతోపాటే వచ్చింది," అన్నాడు. ఎదురుగా ఉన్న పోలీసు తలదించుకున్నాడు కానీ బేడీలు వేశాడు. గిరిజ చేతులు వెనక్కి విరిచి కట్టి బయటికి నడిపించేసరికి ఆమెకి ఊపిరి అందలేదు. కారు పక్కన మోకాళ్ళ మీద పడింది. పెదవులు నీలమయ్యాయి. ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది ఛాతీలోంచి.

ఒక కుర్ర పోలీసు వంగి కంగారుగా అడిగాడు. "మేడమ్, ఆర్ యూ ఓకే?"

ముప్ఫై ఎనిమిదేళ్ళ అలవాటు నాలుక చివరికి వచ్చింది. "పర్..." అని ఆగింది గిరిజ. తలెత్తి వాడి కళ్ళలోకి చూసింది.

"నో. ఐ యామ్ నాట్ ఓకే." ఊపిరి పీల్చింది. "పదకొండు నెలలు మీ చెత్త తగలబెట్టిన. ఆ పొగ నా లోపటుంది. ఊపిరి ఆడతలేదు. పుస్తకం తియ్. రాసుకో."

"నాదీ రాసుకో," అన్నాడు పక్క కార్లోంచి ఓటిస్. "నాదీ!" అంది మరిసోల్.

ఆ కుర్రాడు పుస్తకం తీశాడు. నిబంధన అది. అరెస్టు చేసినవాడికి ఒంట్లో బాగాలేదంటే, చెప్పింది చెప్పినట్టు రాయాలి. గిరిజ మాట గిరిజ చెప్పినట్టుగా ఒక సర్కారు కాగితం మీద పడటం అదే మొదటిసారి. పదకొండు మంది మాటలూ పడ్డాయి. విడుదలయ్యాక ఆ పోలీసు రిపోర్టు నకళ్ళు తీసి పదకొండు మందీ తమ అప్పీళ్ళకి జతచేశారు.

గోడౌన్‌ వాళ్ళు గిరిజని తీసేశారు. మందులు ఇంకో నెలకి సరిపడా ఉన్నాయి. సన్మానసభ మాత్రం వాయిదా పడిందని తెలిసింది.

తర్వాతి సోమవారం అదే గది ముందు తొంభై మంది నిలబడ్డారు. ట్రెంటన్ నుంచి, కామ్డెన్ నుంచి కూడా వచ్చారు. అందరికంటే ముందు డేల్ ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, పాత మెడల్స్. "పోయినసారి నన్ను పట్టుకోలేదు," అని సణుగుతున్నాడు గిరిజతో. "నాది ఎక్కడా రాయనే లేదు."

పోలీసు కారు మలుపు తిరిగి వచ్చి ఆగింది. ఆ కుర్రాడే దిగాడు. ఈసారి ఎవరూ చెప్పకముందే జేబులోంచి పుస్తకం తీశాడు.